స్థూల జాతీయ నిరీక్షణము

దేశము ఎంత ముందునకు సాగినదో కొలుచుటకు ఇన్నాళ్లు వాడిన కొలబద్ద వంకరదని, దానిని సరిచేయుటకు యువజనుల సాహాయ్యము అత్యావశ్యకమని పెద్దలకు ఈ నడుమ జ్ఞానోదయమైనది. 2024 సెప్టెంబరులో న్యూయార్కు నగరమున ఐక్యరాజ్యసమితివారు జరిపిన శిఖరాగ్ర సభ, తన భవిష్యత్తు ఒడంబడికలో, స్థూల దేశీయోత్పత్తిని మించిన ప్రమాణములు కావలెనని ఒకచోటను, నిర్ణయములలో యువతకు పాలు కల్పింపవలెనని వేరొకచోటను వ్రాసికొన్నది. ఈ రెండు వాక్యములను జతపరచి ఒక్క పూటలో నెరవేర్చు భారమును సభానిర్వాహకులు ఎక్కడికక్కడ తమ భుజములపై వేసికొనిరి. కావుననే కళాశాలల సెమినారు హాళ్లలో ‘ప్రగతి పునర్నిర్వచనము - యువత పాత్ర’ యను బ్యానర్లు కట్టబడుచున్నవి.

అట్టి సభ యొకదానిని సావకాశముగా అవలోకింతము. వేదికపై ఆసీనులైన ఏడుగురిలో అతిపిన్న వయస్కునకు ఏబదియెనిమిదేండ్లు. జ్యోతి ప్రజ్వలనము, శాలువల సత్కారము, ముఖ్యాతిథి గుణగణ వర్ణనము ముగియునప్పటికి ప్రొద్దు నడినెత్తికి వచ్చినది. యువతయే దేశమునకు వెన్నెముక యని ఒకరును, ఆ వెన్నెముక సెల్‌ఫోనుపై వంగిపోవుచున్నదని మరియొకరును సెలవిచ్చిరి. పిమ్మట పిల్లలకందరకు పచ్చని చీటీలు పంచి, ప్రగతి యననేమో ఒక్క మాటలో వ్రాయుడనిరి. ఒక్క మాట దాటినచో చీటీ చాలదు. చాలినను చదువువారు లేరు. పిల్లలు వ్రాసి బోర్డున కంటించిరి. బోర్డు ముందు నిలిచి పెద్దలు ఫొటో దిగిరి. యువతను సంప్రదించితిమని నివేదికలో వ్రాయుటకు వలసిన సాక్ష్యము అంతటితో సమకూడినది. ఆనాటి హాలు అద్దె, మైకుసెట్టు, బ్యానర్లు, బిర్యానీ పొట్లములు, వీని బిల్లులన్నియు ఉదయమునుండి తాము తిట్టుచున్న ఆ స్థూలోత్పత్తిలోనే చేరి దానిని మరికొంత స్థూలము చేయుచున్నవని ఎవరికిని స్ఫురింపలేదు. స్ఫురించినచో మాత్రము బిర్యానీ మానుదురా?

చీటీలలో ఒకదానిపై ఒక బాలిక ‘అమ్మ వంట’ అని వ్రాసినది. అధ్యక్షులవారు దానిని పైకి చదివి నవ్విరి; సభయు నవ్వినది. నవ్వదగినది చీటీ కాదు, లెక్క. జాతీయాదాయ గణనమునకై దేశదేశముల వారు పాటించు పద్ధతి ప్రకారము, ఆ తల్లి తన గేదెను పితికి తెచ్చిన పాలు, చుక్కయైనను అమ్మకపోయినను, ఉత్పత్తియే. ఆ పాలను కాచి, చల్లార్చి, పిల్లచేత త్రాగించుట మాత్రము ఉత్పత్తి కాదు. అదే పనిని పొరుగింట జీతమునకు చేసినచో అది తత్క్షణమే ఉత్పత్తియగును. పోనీ, ఇంటిపనిని కొలుచుట అసాధ్యమందమా? మన జాతీయ గణాంక కార్యాలయమువారే 2019లో జరిపిన కాలవినియోగ సర్వేయందు, జీతము లేని ఇంటిపనిలో పాల్గొను స్త్రీ దినమునకు సగటున 299 నిమిషములు, పురుషుడు 97 నిమిషములు వెచ్చించుచున్నారని తేల్చిరి. నిమిషములతో సహా కొలిచి, బీరువాలో పెట్టి, తాళము వేసి, ఆ తాళముచెవి మొలలో దోపుకొని వచ్చి, ఏమి కొలువవలెనో మీరే చెప్పుడని పిల్లలనడుగుచున్నారు! ఇంటి వెలుపలి లెక్కయు ఇట్టిదే: అనంతపురపు రైతు వేయించిన బోరు పెట్టుబడి పద్దులో చేరును. అందు నీరు పడక మరియొకటి వేయించినచో అదియు చేరును. అడుగంటిన భూగర్భజలమును స్థూలోత్పత్తినుండి తీసివేయుటకు మాత్రము గడి లేదు.

ఇక యువతకు ఆర్థిక ప్రగతిలో పాత్ర కల్పింతుమనువారు ఒక్కసారి పోటీపరీక్షల అభ్యర్థులతో క్రిక్కిరిసిన హైదరాబాదులోని అశోకనగరు సందులలో నడచి చూడవలెను. తెలంగాణమున 2022 ఏప్రిలులో 503 ఉద్యోగములకు గ్రూపు-1 ప్రకటన వెలువడినది. అక్టోబరులో జరిగిన ప్రాథమిక పరీక్ష, ప్రశ్నపత్రము బయటికి పొక్కినందున, మరుసటి మార్చిలో రద్దయినది; జూనులో మరల జరిగినది, హైకోర్టు తీర్పుతో సెప్టెంబరులో మరల రద్దయినది; 2024 ఫిబ్రవరిలో ఆ ప్రకటననే వెనుకకు తీసికొని, 563 ఉద్యోగములకు క్రొత్తదానిని ఇచ్చిరి. ఈ కాలమంతయు హాస్టలు మంచమునకు అద్దె, మెస్సు బిల్లు, కోచింగు ఫీజు, టెస్టు సిరీసులు, జిరాక్సు కట్టలు, వీనికై ఊరినుండి తండ్రి పంపిన ప్రతి రూపాయియు దేశాభివృద్ధియే. పరీక్ష ఒక్కసారితో సక్రమముగా ముగిసియున్నచో ఇంత వృద్ధి సాధ్యమగునా? ఆ అభ్యర్థి ఆదివారమునాడు ఎవరింటనో ఒక్క గంట ట్యూషను చెప్పి కూలి పుచ్చుకొన్నాడా, శ్రామిక సర్వేవారి వారపు లెక్కలో అతడు నిరుద్యోగి కాడు. ఏడు దినములలో ఏదో ఒకనాడు ఒక గంట పని చేసినచో చాలును, ఉద్యోగియే. నిరుద్యోగమును ఇంత చౌకగా నిర్మూలించిన శాస్త్రము వేరొకటి లేదు.

ఆ సందులనుండి మన సభకు వచ్చిన యువకుడొకడు వెనుక వరుసలో లేచి ఒక ప్రతిపాదన చేసినాడు. ‘అయ్యా, మా యొద్ద సమృద్ధిగా ఉన్నదానిని కొలువుడు: స్థూల జాతీయ నిరీక్షణము. ప్రకటన నాటినుండి నియామకపత్రము చేత పడువరకు గడచిన దినములను అభ్యర్థుల సంఖ్యతో గుణింపుడు. ఫీజు రీయింబర్సుమెంటు రాలేదని కళాశాలలో నిలిచిపోయిన సర్టిఫికెట్ల దినములను దానికి కలుపుడు. ఉద్యోగము వచ్చినగాని సంబంధము మాట్లాడమన్న మేనమామల దినములను కలుపుడు. మూడు నెలలకొకసారి, స్థూలోత్పత్తి అంకెలు వెలువరించునాడే, అదే గంటకు, దీనిని కూడ వెలువరింపుడు.’ సభలో చప్పట్లు మ్రోగినవి. అధ్యక్షులవారు మాత్రము వాత్సల్యముతో, ‘నాయనా, మన చర్చాంశము ప్రగతి కదా, సానుకూల దృక్పథము ఉండవలెను, భూటానును చూడుము, ఆనందమునే కొలుచుచున్నారు’ అని బోధించిరి. ఆ ఆనందదేశపు యువకులు గుంపులు గుంపులుగా ఆస్ట్రేలియాకు వలసపోవుచున్నారన్న వార్త ఆయన చదువు పత్రికకు చేరియుండదు.

యువకుని అభిప్రాయమును అడుగుట తాము త్రొక్కిన క్రొత్త పుంతయని మురియువారికి ఇంకొక సంగతి మనవి చేయవలెను. 1934లో అమెరికా సెనేటు కోరికపై ఆ దేశపు జాతీయాదాయమును లెక్కించి సమర్పించిన సైమన్ కుజ్నెట్స్‌కు అప్పటికి ముప్పదిరెండేండ్లు. ఒక జాతి యోగక్షేమమును ఈ అంకెనుబట్టి ఊహించుట దుష్కరమని అతడు ఆ నివేదికలోనే హెచ్చరించినాడు. మన దేశమున 1931-32 నాటి జాతీయాదాయమును గణించి 1940లో గ్రంథముగా వెలువరించిన వి.కె.ఆర్.వి. రావు పుట్టినది 1908లో. అంకెలు కట్టినదియు పడుచువారే, వాని హద్దు చెప్పినదియు పడుచువాడే. అంకెను పుచ్చుకొని హెచ్చరికను విడిచిన పెద్దలు, తొంబదియేండ్ల పిమ్మట, వారి మునిమనుమల యీడువారికి పచ్చచీటీలు పంచుచున్నారు.

సభాంతమున తీర్మానము ఆమోదింపబడినది. నూతన సూచికను రూపొందించుటకు పదునొకండుగురు విశ్రాంతాధికారులతో సంఘమును నియమించిరి. అందులో ఒక యువ ప్రతినిధికి చోటు కలదు, వోటు లేదు. ఆ చోటునకు ఆన్‌లైనులో దరఖాస్తు చేసికొనవలెను, రుసుము చెల్లింపవలెను, వ్రాతపరీక్షలో ఉత్తీర్ణుడు కావలెను. పరీక్ష తేదీ తరువాత ప్రకటింపబడును.