ఒక్క పగటిలో ఆఫ్రికా

సముద్రమట్టమునకు రెండువేల మీటర్లకు పైబడిన యెత్తున, 1886లో వెలసిన అడిస్ అబాబా మహానగరమును ఒక్క పగటిలో ఆపోశనము పట్టెదమని సంకల్పించిన మన మిత్రబృందము, టాక్సీవాడు చెప్పిన ‘రెండు గంటల’కై మధ్యాహ్నము దాక కాచుకొని, సూర్యోదయము మొదలు గంటలు లెక్కించు ఆ దేశమున అతడు ఉదయ మెనిమిదికే వచ్చి పోయినట్లు తెలిసికొనెను, పంచాంగము చూడనిదే గడప దాటని వారికే యీ గతి!

జాతీయ ప్రదర్శనశాలలో, 1974లో దొరకిన 32 లక్షల యేండ్లనాటి మానవపూర్వజాతి స్త్రీ లూసీ యస్థికల ప్రతిరూపము నెదుట వీరు నిలిచిన కాలము సెల్ఫీకి చాలినంతయే. అందును సగము, ముందువరుస యెవరిదను తగవునకే చెల్లినది. కాఫీ పుట్టినింట, ఆతిథేయురాలు పచ్చిగింజలను కన్నులయెదుట వేయించి, ఆ ఘుమఘుమల పొగను అతిథులవైపు విసరి, నల్లని మట్టికూజాలో మరగించి, పిడిలేని చిన్నగిన్నెలలో వంచుచుండగా, ‘పాలు లేవా?’ యని మొదటి విడతకే లేచిరి; మూడు విడతలును త్రాగుట మర్యాదయని చెప్పువారు లేకపోలేదు, వినువారే లేరు. టెఫ్ పిండి పులియబెట్టి పోసిన ఇంజెరాను పులిసిన దోసెయని త్రోసిపుచ్చి, చీకటిపడువరకు పప్పన్నమునకై వీథులు గాలించిరి.

ఆ రాత్రియే వాట్సాప్ బృందమున ‘ఆఫ్రికా చూసేశాం’ అని చాటిరి. తక్కిన 53 దేశములకును పీడ విరగడయైనది.