పొంగని పాలు

పెళ్లయిన ఇరవై రెండేళ్లలో పాలు పొంగించినందుకు నేను తిన్న తిట్లకు లెక్కలేదు. పొయ్యి మీద పాలు పెట్టి పేపరు తీశానంటే చాలు, అవి స్టవ్వు దిగి, గట్టు దిగి, సింకు దాకా నడిచేవి. అలాంటి నాకూ ఏడాదికో మంచిరోజుంది. రథసప్తమి. ఆ రోజు పాలు పొంగితేనే శుభం. ఇంత అనుభవం పెట్టుకుని ఊరుకోవడమెందుకని, ఈసారి పరమాన్నం నేనే చేస్తానన్నాను.

అనకాపల్లి దగ్గర మా ఊళ్లో అమ్మ తులసికోట పక్కన పిడకలు పేర్చి, సూర్యుడికెదురుగా వండేది. చెరకుముక్కతో కలిపి, చిక్కుడాకుల్లో నైవేద్యం పెట్టేది. ఇప్పుడు మాది మధురవాడలో నాలుగో అంతస్తు. తూర్పు బాల్కనీ ఉంది కానీ, సూర్యుడు ఎదురింటివాళ్ల వాటర్ ట్యాంకు దాటి వచ్చేసరికి ఎనిమిదవుతుంది. పిడకలు ఆన్‌లైన్లో తెప్పించాను. డజను, అట్టపెట్టెలో. మా ఆవిడ పెట్టె విప్పి, "ఏవండీ, వీటికి డెలివరీ చార్జీ కూడా ఇచ్చారా?" అంది. ఇచ్చాను. చిక్కుడాకుల కోసం రైతుబజారుకి వెళితే అక్కడి అమ్మ నన్ను జాలిగా చూసి, "ఆకులేటి బాబూ! కాయలట్టుకెళ్లండి" అంది.

టోన్డ్ పాలలో వెన్న మూడు శాతమే. పరమాన్నం చిక్కగా రావాలని ఆరు శాతముండే ఫుల్ క్రీమ్ పాలు ఓ లీటరు తెచ్చాను. ఇత్తడి గిన్నెలో పోసి పిడకలు ముట్టించాను. ముందు పొగొచ్చింది. తరవాత రుషికొండ వైపు నుంచి గాలొచ్చి ఆ పొగని మా హాల్లోకి తోసింది. ఆ తరవాత వాచ్‌మన్ వచ్చాడు, బకెట్టుతో.

"ఏటైపోనాది బాబూ? కిందికి పొగొస్తంది!"

"పరమాన్నం."

అతను గిన్నెలోకి తొంగిచూశాడు. "పాలు నిద్దరోతన్నాయి గదండీ!"

నిజమే. పాలు కాగేటప్పుడు పైన మీగడ తెర కట్టి, కిందనుంచి లేచే ఆవిరిని ఆపుతుంది. ఆవిరి దాన్ని ఎత్తేస్తే పొంగడం. మా పిడకలకి అంత ఆవేశం లేదు. ముప్పావుగంట కూర్చున్నాను. పేపరు కూడా తీశాను, పాతకాలపు నమ్మకంతో. ఊహూఁ.

చివరికి గిన్నె గ్యాసు పొయ్యి మీదికి మార్చాను. అక్కడ పొంగాయి. బియ్యం నూకగా చేయకుండా, గుప్పెడు పాతబియ్యం కడిగి పాలల్లో వేసి, సన్నని సెగమీద గంటసేపు చెరకుముక్కతో కలిపాను. దీనికి దగ్గరదారి లేదు. గింజ ఉడుకుతూ తన గంజిని నెమ్మదిగా పాలకిస్తుంది, పాలు చిక్కబడతాయి. కుక్కర్లో అన్నం వండి పాలు కలిపితే అది పాలన్నం, పరమాన్నం కాదు. గిన్నె గోడలకి అంటిన మీగడని గీకి మళ్లీ లోపలికి తోస్తుంటే, మా ఆవిడ రెండుసార్లు వచ్చి చూసి ఏమీ అనకుండా వెళ్లింది. మా ఇంట్లో అది మెప్పు.

ఆ గర్వంతోనే కుతకుతలాడుతున్న గిన్నెలో అనకాపల్లి బెల్లం ముద్ద పడేశాను.

రెండు క్షణాలు బంగారు రంగు. మూడో క్షణం అంచున ఒక తెల్లని పలుకు, దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగా పాలు ఒకవైపు, నీళ్లు ఒకవైపు అయిపోయాయి. ఫోన్ చేస్తే అమ్మ నవ్వింది. "బెల్లంలో పులుపుంటుందిరా నాన్నా. వండేటప్పుడు సున్నం వేసినా కొంత మిగులుతుంది. పొయ్యి కట్టేసి, కాస్త చల్లారనిచ్చి వెయ్యాలి. నన్ను ముందే అడగొచ్చుగా?"

సూర్యుడు వాటర్ ట్యాంకు మీదికొచ్చేశాడు. విరిగినదాన్నే దగ్గరపడేదాకా కలిపి, నెయ్యి, యాలకులు వేసి, చిక్కుడాకులు లేక అరిటాకు ముక్కల్లో నైవేద్యం పెట్టాను. వాచ్‌మన్ తిని, "కోవా బాగుందండి" అన్నాడు.

ఇంకా ఎనిమిది పిడకలున్నాయి. మధురవాడ, కొమ్మాది చుట్టుపక్కల పెరడున్నవాళ్లెవరైనా ఉంటే వచ్చి పట్టుకెళ్లండి. డెలివరీ చార్జీ అడగను.