దివ్య సముఖమునకు ఒక రొయ్యల బాకీ

(నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో జిరాక్స్ కొట్టు అరుగు. లేఖరి ఏళ్ల తరబడి దివ్య సముఖాలకు ఉత్తరాలు రాస్తున్నాడు. ఒక్క సముఖమూ ఇంతవరకు బదులు పలకలేదు.)

లేఖరి: "మహారాజరాజశ్రీ మేనేజరు గారి దివ్య సముఖమునకు, ఇచ్చట అంతా క్షేమం..."

రైతు: ఆపు మావా! క్షేమంగా ఉంటే నీ కాడికి ఎందుకొస్తా? కేజీకి నలభై రొయ్యలని కొనే కంపెనీ వాళ్లే మా గుంట గట్టు మీద లెక్కపెట్టి, నలభై కౌంటుకి రేటు ఒప్పుకున్నారు. బిల్లులో యాభై కౌంటని రాసి రేటు కోసేసినారు. కోయంగా మిగిలిందన్నా ఇయ్యలా.

లేఖరి: "మీ వీలును బట్టి దయతో ఇప్పించ ప్రార్థన." ఎట్టుండాది?

రైతు: వాళ్లకి వీలు ఏ జన్మకీ కాదు. తారీఖెయ్యి.

లేఖరి: మోటుగా ఉంటాది అబ్బయ్యా. కంపెనీ వాళ్లు చూడు, ఎంత నాజూగ్గా రాసినారో: "అంతర్జాతీయ పరిస్థితుల దృష్ట్యా చెల్లింపు పరిశీలనలో ఉన్నది."

రైతు: వాళ్లు సాకు చెప్పే అమెరికా యాభై శాతం సుంకం అమల్లోకొచ్చింది 2025 ఆగస్టు 27న. నా వనామి రొయ్య లారీ ఎక్కింది ఫిబ్రవరిలో. ఐసులో పడుకున్న రొయ్య ఆర్నెల్ల ముందే జాతకం చూసుకుందా?

లేఖరి: (గొంతు తగ్గించి) అసలు కిటుకు విను. బాకీ దావాకి మామూలుగా గడువు మూడేళ్లు. మనం ఎన్ని ఉత్తరాలేసినా అది పెరగదు. ఆ లోపల వాళ్లే బాకీ ఉన్నామని రాసి సంతకం పెడితే, 1963 కాలపరిమితి చట్టం 18వ సెక్షను కింద ఆ రోజు నించి మళ్లీ మూడేళ్లు. అందుకే పరిశీలన అంటారు, బాకీ అనరు.

రైతు: అయితే అనిపించేట్టు రాయి.

లేఖరి: "ఫలానా తారీఖు, ఫలానా నంబరు కాటా చీటీ, నలభై కౌంటు, ఇంత బరువు, ఇంత రేటు. రావలసిన బాకీ ఇంత. సరిచూసి సంతకంతో ధ్రువీకరించగలరు." ఇంకో మాట. కొంత డబ్బు చేతిలో పెట్టి, లెక్క పూర్తిగా చెల్లిపోయిందని సంతకం అడుగుతారు. "నా హక్కులకు భంగం లేకుండా, కొంత మాత్రమే ముట్టినది" అని రాసే పెట్టు.

రైతు: భలే! స్పీడ్ పోస్టులో తొయ్యి. (అరుగు దిగి, మళ్లీ ఎక్కి) మావా... వచ్చే పంటకి మేత అప్పిచ్చేది వాళ్ల ఏజెంటే. "సరిచూసి" ముందర ఒక "దయచేసి" తగిలించు.

లేఖరి: ఒకటి చాలా?

రైతు: పాత మేత బాకీ కూడా ఉండాది. మూడు పెట్టు.