గంధంగారి అడవి

హైదరాబాదుకు అరవై డెబ్బై కిలోమీటర్ల అవతల పది గుంటల ఫామ్ ప్లాటు కొని, అందులో వెంచరువాళ్ళు నాటిచ్చిన శ్రీగంధం మొక్కల్ని ‘మా అడవి’ అని పిలుచుకునే పెద్దమనిషిని పెళ్ళి బంతిలో ఇట్టే పోల్చుకోవచ్చు. పప్పు వడ్డించేటప్పుడు మొక్క నాటుతారు, సాంబారు వచ్చేసరికి చేవ పట్టిస్తారు, పెరుగన్నం దగ్గర కొట్టించి, తూకం వేయించి, కోటి రూపాయలు ఆకులో పోసుకుంటారు. ఆయన్ని గంధంగారు అందాం. కిలో చేవ మైసూరులో ఎంత పలుకుతోందో ఆయనకు నోటికొచ్చు. శ్రీగంధం సగం పరాన్నజీవి అనీ, పక్కనున్న కందినో సరుగుడునో వేళ్ళతో పట్టుకుని పీల్చుకుంటే తప్ప ఏపుగా ఎదగదనీ మాత్రం తెలియదు. అందుకే ఏడాదికోసారి ఫొటోల కోసం వెళ్ళినప్పుడు, గంధానికి అడ్డమని కంది మొక్కలు పీకించి వస్తారు.

ఆయన్ని చూసి అత్యాశ అనేస్తారు చాలామంది. నేను ఒప్పుకోను. చెట్టుకు ఎవరు విలువ కట్టినా, అందులో కనబడేది కట్టినవాడి అవసరమే. కోస్తాలో సరుగుడు వేసిన రైతుకు తోటంటే నాలుగైదేళ్ళు నిలబెట్టిన డబ్బు. టన్ను ధర, నరుకుడు కూలి, లారీ కిరాయి, కాటా దగ్గర పోయే తరుగు, ఆయన లెక్క అంతవరకే. కూతురి పెళ్ళి ముందుకొస్తే మూడో ఏడే కొట్టేస్తాడు. చెట్టు మీద మమకారం లేదు, అలాగని భ్రమా లేదు. పాడేరు వైపు గిరిజన కుటుంబానికి చింతచెట్టు విలువ నరికితే వచ్చేది కాదు, నరక్కపోతే ఏటా రాలేది. ఆ చింతపండు కొనడానికి 1956 నుంచీ గిరిజన సహకార సంస్థ ఉంది. ఈ ఇద్దరి అవసరాలూ కంటికి ఆనుతాయి. గంధంగారిది వేరు. ముప్పయ్యేళ్ళు ఆఫీసులో పైవాడు చెప్పినట్టల్లా తలూపిన మనిషికి నలుగురిలో చెప్పుకోవడానికి ఒక సొంత రాజ్యం కావాలి. 1792లో టిప్పు సుల్తాను శ్రీగంధాన్ని రాచవృక్షం చేశాడు. ఆ దర్జా ఈయనకు పది గుంటల్లో, వాయిదాల మీద దొరికింది. దాని దిగుబడి ప్రతి బంతిలోనూ చేతికొస్తూనే ఉంది. చేవ పట్టేదాకా ఆగే పని లేదు.

కాదండీ, అది పెట్టుబడి అంటారు ఆయన తరఫువాళ్ళు. సరే, పెట్టుబడి లెక్కే వేద్దాం. రేపటి కలపను ఇవాళ్టి సొమ్ములోకి దించి చూడమని 1849లోనే ఫౌస్ట్‌మన్ అనే జర్మను అటవీ నిపుణుడు సూత్రం కట్టి ఇచ్చాడు. పదిహేనేళ్ళకు వచ్చే కోటిని ఏడాదికి నూటికి పది వడ్డీ చొప్పున వెనక్కి లాగితే ఇవాళ చేతిలో తేలేది సుమారు 24 లక్షలు. అదీ మొక్కలన్నీ బతికి, చేవ పట్టి, కొట్టడానికి అనుమతులొచ్చి, దొంగలు పడకపోతే! ఈ ‘పోతే’కి గంధంగారి కాలిక్యులేటర్‌లో మీట లేదు. 1990ల్లో టేకు మొక్కల కంపెనీల్లో డబ్బు పోసి జనం లబోదిబోమన్నాక, 1999లో సెబీ అలాంటి పథకాలకు నిబంధనలు తెచ్చింది. ఆ సంగతి ఎత్తితే ‘అది టేకండీ, ఇది గంధం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

ఏమైతేనేం, చెట్లయితే నాటించాడుగా అనేవాళ్ళ మాటలో న్యాయం ఉంది. గంధం పండు తినే ముందు గోరింక పట్టాదారు పాసుపుస్తకం అడగదు. ఆ నీడా ఆ పిట్టలూ ఇప్పటికే వచ్చేసిన లాభం. చిత్రంగా ఆయన లెక్కలో లేనిది అదొక్కటే.

ఈ తోటకు ఉన్నదున్నట్టు విలువ కట్టేవాడు ఒక్కడున్నాడు, దొంగ. రాత్రిపూట వచ్చి, మానుకు చిన్న బెజ్జం వేసి, రాలిన పొట్టు చూస్తాడు. చేవ ఉంటే కోస్తాడు, లేకపోతే తన దారిన పోతాడు. బెజ్జం వేసి వదిలేసిన చెట్టంటే చేవ లేని చెట్టు. ఇంతకన్నా నిక్కచ్చి మదింపు ఏ బ్యాంకూ చెయ్యలేదు. గంధంగారు మాత్రం తర్వాతి పెళ్ళిలో పప్పు రాకముందే, ‘మా అడవిలో స్మగ్లర్లు పడ్డారండీ’ అని మొదలెట్టి, చెట్టుకు ఇంకో లక్ష కలుపుతారు.