సాయంత్రం ఐదింటికి ఐదు మిల్లీగ్రాములు

డిమెన్షియా ముదిరి, పొద్దు వాలగానే "ఇంటికి పోదాం పదండి" అంటూ తలుపు దగ్గర నిలబడే పెద్దాయన గురించి బెంగళూరు ఫ్లాట్లలో లేచే మొదటి ప్రశ్న ఆయనకు ఏమైందని కాదు. క్వెటియాపిన్ మేలా, ఒలాంజపిన్ మేలా, రిస్పెరిడోన్ మేలా అని. మందుల చీటీ చేతబట్టుకుని ఈ మూడింటి గుణగణాలు వర్ణించగల సుపుత్రులకు ఇప్పుడు కొదవ లేదు. రేస్‌కోర్సున్న ఊరు మరి, గుర్రాల్ని పోల్చడం ఇక్కడి నీళ్లలోనే ఉంది. చిక్కల్లా ఏమిటంటే, ఆ పందెం ఎప్పుడో జరిగిపోయింది.

2006లో అమెరికాలో 421 మంది అల్జీమర్స్ రోగులకు ఈ మూడు యాంటీసైకోటిక్ మందుల్లో ఒకటిగానీ, ఏ మందూ లేని ఉత్తుత్తి మాత్రగానీ ఇచ్చి చూశారు. సగం మంది మాత్ర మానేయడానికి పట్టిన కాలం ఒలాంజపిన్‌కు 8.1 వారాలు, రిస్పెరిడోన్‌కు 7.4, క్వెటియాపిన్‌కు 5.3. ఉత్తుత్తి మాత్రకు 8.0! కొందరిలో కోపం, అనుమానం కాస్త తగ్గిన మాట నిజమే. కానీ దుష్ప్రభావాలు తాళలేక ఒలాంజపిన్ మానేసినవారు 24 శాతం, ఉత్తుత్తి మాత్ర మానేసినవారు 5 శాతం. వచ్చిన లాభాన్ని వచ్చిన తిప్పలే మింగేశాయి. అంతకు ముందు ఏడాదే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 17 పరీక్షల లెక్క తీసి, పది వారాల్లో ఈ తరహా మందులు వాడినవారిలో 4.5 శాతం, వాడనివారిలో 2.6 శాతం చనిపోయారని మందు వివరాల పత్రంలో నల్లగీతల హెచ్చరిక వేయించింది. 2023లో అల్జీమర్స్ ఆందోళనకని అనుమతి పొందిన బ్రెక్స్‌పిప్రజోల్ కూడా ఆ హెచ్చరికతోనే వచ్చింది.

"పాతతరం హాలోపెరిడాల్ కంటే క్వెటియాపిన్‌తో ప్రాణభయం తక్కువ కదా" అంటారు. తక్కువే, పనిచేసిన దాఖలా కూడా అంతే తక్కువ. మత్తు మాత్రం బాగానే వస్తుంది. ఆ మత్తుకు గిరాకీ ఉందని మనకంటే ముందు పసిగట్టింది ఒలాంజపిన్ తయారీ కంపెనీ ఎలీ లిల్లీ. అనుమతి లేని వాడకాలకు, ముఖ్యంగా వృద్ధుల డిమెన్షియాకు, ఒలాంజపిన్‌ను ప్రచారం చేసిన కేసులో 2009లో 141.5 కోట్ల డాలర్లు కట్టింది. సాయంత్రం ఐదింటికి ఐదు మిల్లీగ్రాములు వేస్తే రాత్రంతా నిద్ర అన్నది దాని అమ్మకందార్ల నినాదమని అమెరికా ప్రభుత్వ ఆరోపణ. ఎవరి నిద్ర అన్నది ఆ నినాదంలో లేదు.

పగలు ఆఫీసు, రాత్రి కాపలా చేసే కోడలి మాటేమిటి, ఆయన చెయ్యి చేసుకుంటుంటే ఏం చెయ్యాలి? ఈ అభ్యంతరం న్యాయమైనదే. ఇతర ఉపాయాలేవీ ఫలించక, ఆయనకో పక్కవారికో హాని జరిగేలా ఉంటే రిస్పెరిడోన్ ఇవ్వొచ్చు. బ్రిటన్‌లో దానికి గడువు ఆరు వారాలు. ఆ "ఇతర ఉపాయాలు" దగ్గరే మనం జారుకుంటాం. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, పంటినొప్పి, తెలుగు రాని అటెండర్, రోజుకో కొత్త ముఖం: వీటిలో ఏదైనా ఆయనకు చెప్పుకోలేని బాధే. 2011లో నార్వే నర్సింగ్ హోముల్లో 352 మందితో చేసిన పరీక్షలో, పారాసిటమాల్‌తో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా నొప్పికి మందిస్తే ఎనిమిది వారాల్లో ఆందోళన 17 శాతం తగ్గింది. పారాసిటమాల్‌ను ఎవరూ పోల్చి చూడరు, మరీ చవక. అమెరికా సైకియాట్రిస్టుల సంఘమేమో, మందు పనిచేసినా నాలుగు నెలల్లోపు తగ్గించి ఆపి చూడమంటుంది. మన చీటీల మీద "కంటిన్యూ" అన్న మాటకు గడువుండదు. ఆపే తేదీ రాయమని డాక్టరుగారిని అడగడానికి, నిమ్హాన్స్ ఆసుపత్రి క్యూలోనైనా, రెండు నిమిషాలకు మించి పట్టదు.