వరస తప్పిన కాలం

టీవీ నాటకంలో ఒక మనిషి కాలంలో వెనక్కి పోయాడంటే చూసేవాళ్లు మొదట తేల్చుకోవలసింది ఒక్కటే: పోయినవాడు అక్కడ దేన్నైనా మార్చగలడా, లేడా? మార్చగలిగితే అదొక రకం కథ. మార్చబోయి చేసిన పనే అసలు జరిగినదానికి కారణమైతే అది రెండో రకం. మూడో రకంలో వేలు పెట్టినప్పుడల్లా లోకం రెండుగా చీలిపోతుంది. ఎపిసోడ్లకు సరుకు చాలనప్పుడు రచయితలు ఈ దారి పడతారు. యంత్రం ఎలా పనిచేస్తుందన్న దిగులు మాత్రం అక్కర్లేదు. దాన్ని కట్టిన ప్రొఫెసరుకే తెలియదు.

ముందుకు పోవడంలో చిక్కేమీ లేదు. భాగవతం నవమ స్కంధంలో రైవతుడు తన కూతురు రేవతికి తగిన వరుడెవరో అడగడానికి బ్రహ్మలోకానికి పోతాడు. అక్కడ పాటకచేరీ నడుస్తుంటే మర్యాదకు అయ్యేదాకా ఆగుతాడు. ఈలోగా భూమ్మీద 27 మహాయుగాలు గడిచిపోతాయి. మనసులో అనుకున్న సంబంధాలవాళ్లు మనవలూ మునిమనవలతో సహా పోయి ఉంటారు. ఇప్పుడు బలరాముడున్నాడు, ఇచ్చి చెయ్యమంటాడు బ్రహ్మ. పెళ్లయిపోతుంది. కచేరీకి కూర్చుంటే ఇంటిపని పాడవుతుందన్నది కర్నూలు జిల్లా ఎమ్మిగనూరు అవ్వలకు కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు.

తంటా అంతా వెనక్కి పోవడంతోనే. సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన ‘ఆదిత్య 369’లో యంత్రమెక్కినవాళ్లు 1526లో శ్రీకృష్ణదేవరాయల విజయనగరం చేరతారు. అప్పటికి ఆదోని కూడా రాయల ఏలుబడిలోదే, కానీ యంత్రానికి అక్కడ స్టాపింగ్ లేదు. అసలు ఇలాంటి యంత్రాలు సరైన ఊళ్లో దిగడమే వింత. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు దాదాపు 30 కిలోమీటర్లు పరుగెడుతుంది. అంటే బస్సు గంటసేపు ఈడ్చే ఆదోని–ఎమ్మిగనూరు దూరం భూమికి ఒక్క సెకను పని. యంత్రం ఉన్నచోటే ఉండి గంట వెనక్కి పోతే, అందులోవాళ్లు భూమికి లక్ష కిలోమీటర్ల అవతల శూన్యంలో తేలాలి. ఈ సంగతిని అన్ని దేశాల రచయితలూ ఒకే రకంగా పరిష్కరించారు. దాని ఊసే ఎత్తలేదు.

రెండో రకానికి పెద్ద పాఠ్యపుస్తకం నెట్‌ఫ్లిక్స్‌లో 2017 నుంచి 2020 దాకా వచ్చిన జర్మన్ నాటకం ‘డార్క్’. విండెన్ అనే ఊరి గుహలోంచి మనుషులు 33 ఏళ్ల లెక్కన 2019, 1986, 1953ల మధ్య తిరుగుతుంటారు. విండెన్‌లో 1953కు పోతే మారేవి బట్టలూ కార్లే. ఆదోని మనిషి ఆ ఏడాదికి పోతే నెల కూడా చూసుకుని దిగాలి. సెప్టెంబరు 30న అయితే మద్రాసు రాష్ట్రం, బళ్లారి జిల్లా. మర్నాడు తెల్లారితే ఆంధ్ర రాష్ట్రం, కర్నూలు జిల్లా. మంచం మీద నుంచి కాలు కింద పెట్టకుండానే రాష్ట్రం మారిపోయిన జనానికి గుహ ఒక లెక్కా?

‘డార్క్’లో అసలు ముడి చుట్టరికాలది. మిక్కెల్ అనే పిల్లవాడు 2019 నుంచి 1986లో పడి, అక్కడే మిఖాయెల్ పేరుతో పెరిగి, పెళ్లాడి, జోనాస్‌కు తండ్రవుతాడు. ఆ జోనాస్ మనసుపడ్డ మార్తా ఎవరయ్యా అంటే మిక్కెల్‌కు సొంత అక్క. ఇక్కడ తక్కిన ప్రపంచం కాగితం తీసుకుని వంశవృక్షం గీసుకుంటుంది. పడమటి కర్నూలులో ఆ అవసరం రాదు. అక్క కూతుర్ని చేసుకున్న ఇంట్లో అక్కే అత్త. పుట్టిన బిడ్డకు ఒక్క మనిషే ఇటు అవ్వ, అటు మేనత్త. ఈ లెక్కలు చిన్నప్పుడే నోటికొచ్చినవాళ్లు మార్తా సంగతి వినగానే తీర్పు చెప్పేస్తారు: “మేనత్త కూతురైతే సరే గానీ, మేనత్తనే చేసుకుంటానంటే ఎట్లప్పా?” ఆ నాటకం మొత్తంలో జోనాస్‌కు ఇంత సూటిగా చెప్పే పెద్దదిక్కు లేకపోయింది. అయితే షార్లెట్ దగ్గర వీళ్లూ చేతులెత్తేస్తారు. షార్లెట్ కూతురు ఎలిజబెత్, ఎలిజబెత్ కూతురు షార్లెట్. ఒడిబియ్యం ఎవరు ఎవరికి పొయ్యాలి?

బీబీసీలో 1963 నవంబరు 23న మొదలైన కాలప్రయాణ నాటకం ‘డాక్టర్ హూ’ ఇంకో దారి తొక్కింది. 1966లో ముఖ్య నటుణ్ని మార్చవలసి వచ్చి, కథానాయకుడైన డాక్టరు ఎలాగూ వేరే గ్రహం మనిషి గనక, ప్రాణం మీదికొస్తే ఒళ్లే మార్చుకుంటాడని కథ అల్లారు. తెలుగు సీరియల్‌లో అదే పని ‘ఇకపై ఈ పాత్రలో’ అనే ఒక్క లైనుతో ముగుస్తుంది.

సీరియల్ కాలానికి సొంత కొలతలున్నాయి. చెంపదెబ్బకు చెయ్యి లేస్తుంది. ఉరుము వినిపిస్తుంది. గదిలో ఉన్న ఆరుగురి మొహాలూ తలా మూడుసార్లు దగ్గరికొస్తాయి. చెయ్యి దిగేలోపు ‘సశేషం’. మర్నాడు ఆ చెయ్యి మళ్లీ మొదటినుంచి లేస్తుంది. సంక్రాంతి దాటాక మిరపకోతలకు గుంటూరు పక్క సుగ్గికి పోయిన కుటుంబం ఉగాదికి తిరిగొచ్చి చూస్తే తాళి ఇంకా పెళ్లికొడుకు చేతిలోనే ఉంటుంది. రైవతుడికి జరిగినదానికి ఇది సరిగ్గా తలకిందులు. ఎప్పుడైనా ‘పదిహేనేళ్ల తర్వాత’ అని తెరమీద పడితే ఉయ్యాల్లోని పిల్ల కాలేజీకి పోతుంది, తల్లికి మాత్రం ఒక్క తెల్లవెంట్రుకా రాదు.

ఇలాంటి నడకలోకి కాలయంత్రాన్ని దించడం నిర్మాతకు ప్రమాదం. సినిమా రెండున్నర గంటల్లో అయిపోవాలి గనక గతాన్ని సరిచేసి శుభం వేసుకోవచ్చు. సీరియల్ కోడలు వెనక్కి పోయి, ఆసుపత్రిలో బిడ్డల్ని మార్చిన నర్సు చెయ్యి పట్టుకుందంటే శుక్రవారానికి కథ మూత. రెండో రకమూ కుదరదు. ఏం చేసినా మారదని ముందే తేలిపోతే అత్త పన్నాగాలకు విలువేముంటుంది? మిగిలింది మూడోది. ఒక లోకంలో తాళి పడుతుంది, ఇంకో లోకంలో పడదు. మొదటిది ఏడున్నరకు, రెండోది ఎనిమిదికి వేసుకోవచ్చు.