ఎనిమిది దాటితే అదృశ్యం

సూపర్ హీరో అంటే ఎవరన్న ధర్మసందేహం తీర్చడానికి అమెరికాలో ఆచార్యులున్నారు. పీటర్ కూగన్ అనే ఆయన 2006లో ఏకంగా ఒక పుస్తకమే వేసి మూడు లక్షణాలు తేల్చాడు. లోకహితం కోరే ఆశయం ఉండాలి. మామూలు మనిషికి లేని శక్తి ఉండాలి. మారుపేరూ వేషమూ కలిసిన ఒక గుర్తింపు ఉండాలి. మనకు అంత చదువు అక్కర్లేకపోయింది. 2019లో, శంషాబాద్ తొండుపల్లి టోల్ ప్లాజా దగ్గర మొదలై షాద్‌నగర్ పక్కన చటాన్‌పల్లి వంతెన దగ్గర ముగిసిన పది రోజుల్లో, సూపర్ హీరో ఎవరో, ఎవరు కారో మనమే తేల్చేశాం. తేల్చి పూలు కూడా చల్లాం.

ఆ పూల దగ్గరికి వద్దాం. ముందు అమెరికా వాళ్ల తూకం చూడండి, మన తూకం అంత కొత్తదేం కాదని తెలుస్తుంది.

1940 ఫిబ్రవరి 'జంగిల్ కామిక్స్'లో ఫాంటోమా అనే ఆవిడ దిగింది. ఫ్లెచర్ హాంక్స్ గీసిన బొమ్మ. కోపం వస్తే అందమైన ముఖం కాస్తా నీలం పుర్రె అయిపోయేది, బంగారు జుట్టు మాత్రం అట్లాగే ఉండేది. అడవికి కీడు తలపెట్టినవాడికి ఇక నూకలు చెల్లినట్టే. శక్తికేం లోటు లేదు. అయినా లక్షణాలు లెక్కించే పెద్దలు పెదవి విరిచారు. వేషమేదీ? రహస్య జీవితమేదీ? మరుసటి నెలే 'థ్రిల్లింగ్ కామిక్స్'లో 'వుమన్ ఇన్ రెడ్' వచ్చింది. పెగ్గీ అలెన్ అనే పోలీసు ఉద్యోగిని. యూనిఫాంలో ఉండి చేయలేని పనులు ఎర్ర ముసుగు కప్పుకుని చేసేది. వేషముంది, మారుపేరుంది. కానీ శక్తులేవీ అన్నారు. తెలివీ తుపాకీ లెక్కలోకి రావట. బ్యాట్‌మన్‌కు ఏ శక్తి ఉందని మాత్రం ఎవరూ అడగలేదు. ఆయనకు తాతల నాటి ఆస్తి ఉంది. మగవాడి ఆస్తి శక్తి కింద చెల్లుతుంది.

అదే ఏడాది నవంబరులో వేషం కట్టిన 'మా' హంకెల్ అంటే నాకు మహా ముచ్చట. కిరాణా కొట్టు నడుపుకునే పిల్లల తల్లి. పిల్లల్ని రౌడీలు ఎత్తుకుపోతే ఆవిడ ఏ గ్రహం నుంచీ శక్తులు తెప్పించుకోలేదు. ఎర్రటి పొడుగు లోదుస్తులు తొడుక్కుని, వంటగిన్నెకు కళ్ల దగ్గర కంతలు పెట్టి నెత్తిన బోర్లించుకుని, 'రెడ్ టోర్నడో' అని పేరు పెట్టుకుని వీధిలోకి దిగింది. మగ హీరోలంతా కలిసి 'జస్టిస్ సొసైటీ' పెట్టుకుని తొలి విందు చేసుకుంటే అక్కడికీ వెళ్లింది. వెళ్తే ఏమైంది? ప్యాంటు చిరిగి వెనక్కి వచ్చేసింది. కథ రాసినవాడికి అంతకన్నా మంచి పని తోచలేదు. వంటగిన్నె శిరస్త్రాణమైతే అది హాస్యం. ఆస్తిపరుడి కొడుకు గబ్బిలం చెవులు పెట్టుకుంటే అది గాంభీర్యం.

ఇక వండర్ వుమన్. 1941 చివర్లో అంగళ్లకొచ్చింది. మనిషి అబద్ధమాడితే రక్తపోటు పట్టిస్తుందని పరీక్షలు చేసిన మనస్తత్వవేత్త విలియం మౌల్టన్ మార్స్టన్ ఆమెను సృష్టించాడు. దేవతల వరాలున్నాయి, తుపాకీ గుళ్లను తిప్పికొట్టే కడియాలున్నాయి, కంటికి కనిపించని విమానముంది. ఈసారి వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు కనుక జస్టిస్ సొసైటీ వారు 1942లో ఆమెను సగౌరవంగా చేర్చుకున్నారు. సెక్రటరీగా! మగవాళ్లు యుద్ధానికి పోతే ఆవిడ ఆఫీసులో మినిట్స్ రాసుకోవాలి. హనుమంతుణ్ని సముద్రం ఒడ్డున కూర్చోబెట్టి వానరసేన హాజరుపట్టీ రాయమన్నట్టు.

వీళ్లందరి మధ్యా 'మిస్ ఫ్యూరీ' అనే బొమ్మల కథను 1941లో పత్రికలకు అందించిన మనిషి నిజంగా ఆడమనిషి. పేరు జూన్ టార్పే మిల్స్. ఆ 'జూన్' కనిపిస్తే ఆడమనిషని తెలిసిపోతుందని ముందు ముక్క తీసేసి సంతకం చేసింది. హీరోయిన్‌కు ముసుగు ఉందో లేదో అని కొట్టుకునే పెద్దలు, ఆ కథ గీసిన చేతికే ముసుగు వేయాల్సి వచ్చిన సంగతి మీద ఎన్ని పేజీలు రాశారో నాకు తెలుసుకోవాలని ఉంది.

1954లో కామిక్స్ పిల్లల్ని చెడగొడుతున్నాయని గోల పుట్టి, ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళి రాసుకున్నారు. దాని నీడలో 1956లో బ్యాట్‌వుమన్ వచ్చింది. నడుముకు ఆయుధాల పటకా లేదు, భుజాన హ్యాండ్‌బ్యాగ్ ఉంది. అందులో లిప్‌స్టిక్, పౌడరు డబ్బా, సెంటుసీసా, అవే ఆయుధాలు. ఈ హ్యాండ్‌బ్యాగ్‌ను కొంచెం జ్ఞాపకం పెట్టుకోండి, శంషాబాద్‌లో పనికొస్తుంది.

మన దగ్గర మాత్రం ఏమంత భిన్నంగా ఏడ్చిందని? కాకతీయ సింహాసనం ఎక్కిన రుద్రమకు శాసనాల్లో రుద్రదేవ మహారాజని మగపేరు పెట్టారు. ఆశయముంది, శక్తి ఉంది, మారుపేరుంది. కూగన్‌గారి పట్టీలో అన్నిటికీ టిక్కు పడుతుంది, అదీ 13వ శతాబ్దంలో. ఆమె మీద గుణశేఖర్ 2015లో సినిమా తీస్తే హాల్లో ఈలలు పడింది అందులోని మగ పాత్ర గోన గన్నారెడ్డికి. 1970లో 'రౌడీ రాణి'గా గుర్రమెక్కి పిస్తోలు పేల్చిన విజయలలితను లేడీ జేమ్స్ బాండ్ అన్నాం. 1990లో 'కర్తవ్యం'లో పోలీసు దుస్తులు వేసుకుని జాతీయ ఉత్తమ నటి అవార్డు పట్టుకొచ్చిన విజయశాంతిని లేడీ అమితాబ్ అన్నాం. (వీళ్లిద్దరూ పిన్నీ కూతుళ్ల వరస. ఒకే కుటుంబంలో ఇద్దరు వీరవనితలు, ఇద్దరికీ అరువు బిరుదులే.) అమితాబ్ బచ్చన్‌ను మగ విజయశాంతి అన్న పాపాన ఎవడూ పోలేదు.

ఇప్పుడు టోల్ ప్లాజా. 2019 నవంబరు 27 రాత్రి అక్కడ ఒక పశువైద్యురాలి స్కూటరు టైరులో గాలి లేదు. తర్వాత ఆమెపై జరిగిన అత్యాచారాన్నీ హత్యనూ మళ్లీ వివరించను, తెలుగువాళ్లలో తెలియనివాళ్లు లేరు. ఈ వ్యాసంలో నవ్వుకు ఆమె దగ్గర చోటు లేదు. ఆమె చుట్టూ చేరిన పెద్దల దగ్గర మాత్రం బోలెడంత ఉంది.

చెల్లెలికి ఫోన్ చేసే బదులు 100కి చేసి ఉంటే బతికేదని అప్పటి రాష్ట్ర హోం మంత్రి మహమూద్ అలీ సెలవిచ్చారు. ఇదొక లక్షణం, రాసుకోండి. ఆడమనిషి సూపర్ హీరో కావాలంటే ఆపద రాకముందే అది ఎలాంటి ఆపదో కనిపెట్టి సరైన నంబరు నొక్కగలగాలి. అదే రాత్రి కుటుంబం ఠాణాకు పోతే ఇది మా పరిధి కాదు, ఆ ఠాణాకు పోండన్నారని వాళ్లు వాపోయారు. కేసు నమోదులో జాప్యానికి ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లను సస్పెండ్ చేయక తప్పలేదు. గోథమ్ సిటీ ఆకాశంలో గబ్బిలం బొమ్మ వెలిగితే, అది ఏ ఠాణా పరిధిలోని మబ్బు అని బ్యాట్‌మన్ ఎన్నడూ అడిగినట్టు లేదు.

కొద్దిరోజులకు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఆర్టీసీ కార్మికులతో మాట్లాడుతూ, మహిళా ఉద్యోగులకు రాత్రి ఎనిమిది తర్వాత డ్యూటీలు వేయొద్దని ఆదేశించారు. 1940 జూన్‌లో అమెరికా పత్రికల్లో 'ఇన్విజిబుల్ స్కార్లెట్ ఓనీల్' అనే బొమ్మల కథ మొదలైంది. మణికట్టు మీద ఒక నరం నొక్కుకుంటే ఆ పిల్ల మాయమైపోయేది, మాయమై దొంగల్ని పట్టించేది. మన ప్రభుత్వం ఆ శక్తిని వేలమంది కండక్టర్లకు ఒక్క నోటిమాటతో ప్రసాదించింది. తేడా అల్లా, స్కార్లెట్ మాయమయ్యేది దొంగల్ని పట్టడానికి. మన వాళ్లు మాయం కావలసింది దొంగలకు రోడ్డు ఖాళీ చేయడానికి.

తర్వాత హ్యాండ్‌బ్యాగ్ అధ్యాయం. ఆడవాళ్లు పెప్పర్ స్ప్రే వెంట తెచ్చుకోవచ్చని హైదరాబాద్ మెట్రో రైలు వారు ఆ డిసెంబరులో ప్రకటించారు. బ్యాట్‌వుమన్ సెంటుసీసాకు అరవై మూడేళ్ల తర్వాత తెలుగు అనుమతి. బాగుంది. ఆ మెట్రో శంషాబాద్ దాకా రాదు. 2022 డిసెంబరులో ఎయిర్‌పోర్టు మెట్రోకు శంకుస్థాపన జరిగింది, తర్వాత ప్రభుత్వం మారింది, ప్రభుత్వంతో పాటు గీత మారింది. సరే, ఎట్లాగో ఎయిర్‌పోర్టుకు చేరారనుకోండి. అక్కడ హ్యాండ్‌బ్యాగ్‌లో పెప్పర్ స్ప్రే ఉంటే తీసి పక్కన పెట్టమంటారు. రైలు ఉన్నచోట ఆయుధానికి అనుమతి ఉంది, ఘోరం జరిగిన చోట రైలు లేదు.

మారుపేరు సంగతి కూడా చెప్పాలి. కామిక్స్‌లో హీరో తన రహస్యనామం తానే పెట్టుకుంటాడు. ఇక్కడ ఆమెకు పోలీసులు పెట్టారు, చనిపోయాక, దిశ అని. ఆ పేరు మీద పక్క రాష్ట్రం శాసనసభ ఆ డిసెంబరులోనే ఒక బిల్లు పాస్ చేసింది. 21 రోజుల్లో తీర్పు వస్తుందన్నారు. పోలీస్ స్టేషన్లు తెరిచారు, యాప్ పెట్టారు. రాష్ట్రపతి ఆమోదం మాత్రం రాలేదు, చట్టం చట్టం కాలేదు.

ఇక పూలు. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆయుధాలు లాక్కుని కాల్పులు జరిపారు, ఆత్మరక్షణ కోసం కాల్చామని పోలీసుల మాట. పొద్దెక్కేసరికి వంతెన మీది నుంచి గులాబీ రేకులు కురిశాయి, పోలీసులకు రాఖీలు కట్టారు, మిఠాయిలు పంచారు. లక్షణాలు సరిచూసేవాడు ఒక్కడూ రాలేదు. ఫాంటోమాను వేషమేదని, పెగ్గీ అలెన్‌ను శక్తులేవని నిలదీసిన బాపతు లోకం ఇక్కడ ఒక్క ప్రశ్నా వేయలేదు. పెగ్గీ లాగా ముసుగు వేసుకునే శ్రమ కూడా లేదు, యూనిఫాంలోనే సరిపోయింది. కోర్టుకు ఏళ్లు పట్టే పనిని చీకటి విడవకముందే ముగించడమే శక్తి అనుకున్నాం. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని, పదిమంది పోలీసుల మీద హత్యానేరం విచారణ జరపాలని అందులో ఉంది. రేకులు చల్లినవాళ్లలో దాన్ని చదవడానికి ఎగబడ్డవాళ్లు నాకైతే కనబడలేదు.

ఎన్‌కౌంటర్‌ను సూపర్ హీరో పనితో పోల్చి మురిసిపోయిన కుర్రాళ్లు అసలు సూపర్ హీరో కథ తిరగేసి ఉంటే బాగుండేది. 1938 జూన్ 'యాక్షన్ కామిక్స్' తొలి సంచికలో సూపర్‌మన్ అన్నిటికన్నా ముందు చేసిన పని ఏమిటో తెలుసా? అర్ధరాత్రి గవర్నర్ ఇంటి తలుపు బద్దలు కొట్టి లోపలికి పోయి, చేయని హత్యకు మరణశిక్ష పడిన ఒక ఆడమనిషి ప్రాణం కాపాడటం. అసలు నేరం చేసినామెను కట్టేసి సాక్ష్యంతో సహా అప్పగించాడే గానీ అడవిలోకి తీసుకుపోలేదు. అదే సంచికలో పెళ్లాన్ని కొడుతున్న ఒకణ్ని గోడకేసి కొట్టాడు కూడా. ఆ పని మీద కూడా మన కుర్రాళ్లకు పెద్ద ఆసక్తి ఉన్నట్టు లేదు.

2012 ఢిల్లీ ఘోరం తర్వాత రామ్ దేవినేని అనే ప్రవాస సినిమా దర్శకుడు, డాన్ గోల్డ్‌మన్ అనే చిత్రకారుడు కలిసి 2014లో 'ప్రియాస్ శక్తి' అనే కామిక్ తెచ్చారు. అత్యాచారం నుంచి బతికి బయటపడ్డ పల్లెటూరి పిల్ల అందులో పులినెక్కి ఊళ్లోకి తిరిగి వస్తుంది. ఎవర్నీ కాల్చదు. నోరు తెరిచి మాట్లాడి జనం మనసు మార్చడమే ఆమె శక్తి. ఇట్లాంటి శక్తికి మన దగ్గర గులాబీ రేకులు రాలవు. మనసు మార్చుకోమంటే ఎవరికైనా కొంచెం ఇబ్బందే కదా.

ఒక చిన్న సూచన చేసి చాలిస్తాను. ఆ ఎనిమిది గంటల ఆదేశాన్ని బస్సులతో ఆపకుండా శంషాబాద్ ఎయిర్‌పోర్టుకూ వర్తింపజేసి చూడాలి. అది 24 గంటలూ మేలుకునే చోటు. గల్ఫ్‌కు పోయే విమానాలు నడిరాత్రి ఎగురుతాయి. ఎనిమిది కాగానే సీఐఎస్ఎఫ్ మహిళా సిబ్బంది ఇంటికి పోతారు. ఆడవాళ్లను తెర వెనక తనిఖీ చేయడానికి ఆడవాళ్లే ఉండాలి కనుక ఆడ ప్రయాణికులెవరూ లోపలికి పోలేరు. బోర్డింగ్ పాసులిచ్చే కౌంటర్లు సగం మూతపడతాయి. మరుగుదొడ్లు కడిగేవాళ్లుండరు, కాఫీ కలిపేవాళ్లుండరు, ఎయిర్ హోస్టెస్‌లు లేక విమానాలు కదలవు. లేదా ఆదేశాన్ని తిరగేసి, ఎనిమిది తర్వాత మగవాళ్లనే ఇళ్లల్లో ఉండమని చూడొచ్చు. అప్పుడు పనులెవరు చేస్తారయ్యా అని ఎవరైనా అడిగితే, వాళ్లను రాత్రి రెండు గంటలకు డిపార్చర్స్ గేటు దగ్గరికి తీసుకురండి. షిఫ్టు దిగి, క్యాబ్ నంబరు ఇంటికి పంపించి, లైవ్ లొకేషన్ ఆన్ చేసి, తాళంచెవి వేళ్ల మధ్య పట్టుకుని బయటికి నడిచేవాళ్లు కనిపిస్తారు. ముసుగులుండవు. మెడలో అసలు పేరుతోనే బ్యాడ్జి వేలాడుతుంటుంది. లోపలికి పోవాలంటే గుర్తింపు కార్డు చూపించాల్సింది మీరే.